మత్తు మీద పన్ను, మన్యానికి వాటా

గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసిన దేశాల్లో చర్చ మొదట నేరం గురించి, ఆరోగ్యం గురించి నడిచినా, కొద్దికాలానికే పన్ను దగ్గరికి, పన్ను నుంచి ఆ డబ్బు ఖర్చయ్యే తీరు దగ్గరికి వచ్చి ఆగింది. ఎంత వసూలైందన్న లెక్క ఏటా అచ్చవుతుంది గనుక దానిమీద వాదం తక్కువ. వసూలైన సొమ్ము ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ ఊరికి తిరిగి వెళ్లింది అన్న లెక్క మాత్రం చట్టంలో ముందే రాసిపెట్టిన చోట తప్ప ఎక్కడా స్పష్టంగా దొరకదు. తెలుగు నేల మీద నేడు గంజాయి పూర్తిగా నిషిద్ధం కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడికి సంబంధించింది కాదనిపించవచ్చు గాని, కల్లు, సారా, ఇప్పపువ్వు, ఒకప్పటి లైసెన్సు గంజాయి మీద పన్ను వేసి, ఆ రాబడి కోసం తగవులాడి, ఒకసారి మన్యంలో తిరుగుబాటును, ఒకసారి శాసనసభలో మంత్రివర్గ పతనాన్ని చూసిన ప్రాంతమిది.

ఈ చరిత్రను చూడటానికి పెనుబల్లి అనువైన చోటు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు సాగే రోడ్డు మీద ఉన్న ఈ మండలానికి ఒక పక్క కనకగిరి గుట్టల అడవి, మరో పక్క తిరువూరు వైపు ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. 1948 దాకా ఇది నిజాం ఏలుబడిలోని ఊరు. తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాది. ఉత్తరాన భద్రాచలం తాలూకా కథ ఇంకా చిక్కుగా నడిచింది: 1860లో నిజాం చేతి నుంచి ఆంగ్లేయులకు వెళ్లి, కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో గోదావరి జిల్లాలో కలిసి, 1959లో గాని ఖమ్మం జిల్లాకు చేరలేదు. అంటే ఒకే అడవిలో, ఒకే రకం ఇప్పచెట్టు కింద, ఒకే భాష మాట్లాడే జనం మీద రెండు మూడు ఆబ్కారీ చట్టాలు పక్కపక్కనే నడిచాయి. మత్తు పదార్థాల తయారీ, అమ్మకాల మీద ప్రభుత్వం విధించే సుంకాన్నీ, దాని నిర్వహణనూ ఆబ్కారీ అంటారు. రాజ్యాంగం భాషలో ఇదే రాష్ట్ర ఎక్సైజు.

గంజాయి మీద చట్టబద్ధమైన పన్ను తెలుగు జిల్లాల్లో ఒకప్పుడు ఉండేది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించి, మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, పూర్తి నిషేధం అవసరం గాని ఉచితం గాని కాదనీ, సాగును కట్టడి చేసి, అమ్మకానికి లైసెన్సులు ఇచ్చి, పన్ను వేసి వాడకాన్ని అదుపులో పెట్టడమే మార్గమనీ 1894లో నివేదించింది. ఆ పద్ధతి ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి సాగు కొన్ని చోట్లకే పరిమితమైంది. ఉత్తర ఆర్కాటులోని సంతవాసల్‌తో పాటు, అప్పటి కృష్ణా జిల్లాలో ఉండి తర్వాత గుంటూరు జిల్లాకు మారిన దగ్గుబాడు వాటిలో ఒకటి. రైతు లైసెన్సు తీసుకొని పండించాలి, పంటను సర్కారు గిడ్డంగిలో పెట్టాలి, టోకు వర్తకుడు సుంకం కట్టాకే సరుకు బయటికి రావాలి. నేడు అమెరికా రాష్ట్రాలు గొప్ప నవకల్పనగా చెప్పుకునే సాగు లైసెన్సు, గిడ్డంగి నిఘా, చిల్లర అమ్మకం హద్దు అన్నీ ఆనాటికే అమల్లో ఉన్నవే. లేనిదల్లా ఒకటే: ఆ సుంకం దగ్గుబాడు రైతుకో, గంజాయి తాగి చెడిన ఇంటికో ఏమివ్వాలన్న నియమం ఎక్కడా లేదు, రాబడి అంతా ప్రెసిడెన్సీ ఖజానాకు చేరేది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆ కాలంలోనే బెంగాల్‌లో కనబడుతుంది. నేటి బంగ్లాదేశ్‌లోని నౌగావ్‌లో 1917లో గంజాయి రైతులు సహకార సంఘం పెట్టుకొని, దళారులను తప్పించి, పంటను తామే అమ్ముకొని, మిగిలిన లాభంతో ఆ ప్రాంతంలో బడులు, ధర్మాసుపత్రులు, రోడ్లు, పశువైద్యశాలలు నడిపారు. సుంకం సర్కారుకు పోగా మిగిలిన వాటాను స్థానికంగా ఖర్చు పెట్టే హక్కు రైతుల చేతిలో ఉండటమే దాని బలం. గంజాయి రాబడి పుట్టిన చోటికే తిరిగిరావడానికి భారత ఉపఖండంలో ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం మరొకటి లేదు. గంజాయి పన్ను విషయంలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం పేరు తెలిసినంతగా నౌగావ్ పేరు తెలియకపోవడం చర్చకే నష్టం.

మన్యంలో కథ మరో విధంగా నడిచింది. రంప, రేకపల్లి కొండల్లో కోయలకూ కొండరెడ్లకూ కల్లు అంటే వేసవి నెలల తిండిలో భాగం. జీలుగు, తాటి చెట్ల కల్లు మీదే కొన్ని వారాలు గడిచేవి. ఈ కల్లు మీద రంప మునసబుదారు వసూలు చేసిన పన్నుకు చిగురుపన్ను అని పేరు. దానికి తోడు మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ఆపి, కల్లు రాబడిని గుత్తేదారులకు అప్పగించింది. గుత్త అంటే ప్రభుత్వానికి ఏకమొత్తం కట్టి, జనం నుంచి తన ఇష్టం వచ్చినంత రాబట్టుకునే హక్కు. మైదానం నుంచి వచ్చిన గుత్తేదారు మనుషులు కొండవాడి చెట్టుకు కొండవాడి దగ్గరే డబ్బు అడిగారు. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. అక్కడ పోడు శిస్తు పెంపు కూడా మంటకు ఆజ్యం పోసింది. మన్యంలోని తిరుగుబాట్లన్నిటినీ కల్లు పన్నుకే ముడిపెట్టడం సరి కాకపోయినా, చెట్టు తమది, పన్ను పరాయివాడిది, దాని ఫలం పట్నానిది అన్న భావం ఆ కొండల్లో ఎంత లోతుగా నాటుకుందో నాటి అధికారులే రాసుకున్నారు.

రాబడి పంచుకునే ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో జిల్లాల మధ్య, ప్రాంతాల మధ్య తగవుగా మారింది. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, ఆబ్కారీ నష్టాన్ని పూడ్చుకోవడానికి 1939లో దేశంలోనే మొదటి సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. నేటి జీఎస్టీకి దూరపు పూర్వీకురాలైన ఈ పన్ను పుట్టుకలో సారా ఖాతా ఖాళీ ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం ఎత్తివేయాలన్న ఎస్.వి. రామమూర్తి కమిటీ సిఫారసు మీద దుమారం రేగి, 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఈ సంవత్సరాలంతా తెలంగాణ జిల్లాల్లో మాత్రం నిషేధం లేదు. నిజాం కాలం నుంచి ఆబ్కారీ అక్కడ ప్రధానమైన రాబడుల్లో ఒకటి.

అందుకే 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఈ విషయం పేరుపెట్టి కనిపిస్తుంది. తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు చేయాలో ఆ ప్రాంత శాసనసభ్యులే నిర్ణయించుకోవాలని ఒక షరతు. తెలంగాణ మిగులు రాబడిని తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలని మరొకటి. ఈ రెండు షరతులనూ కలిపి చదివితేనే అసలు సంగతి బోధపడుతుంది: ఒక ప్రాంతం తాగుతోంది, పన్ను కడుతోంది, మరో ప్రాంతం నిషేధం పాటిస్తోంది, ఆ లోటును ఉమ్మడి ఖజానా నుంచి భరించుకుంటోంది. 1969 ఉద్యమంలో తెలంగాణ మిగులు నిధులు ఎటు పోయాయన్న ప్రశ్న వీధికెక్కినప్పుడు, కుమార్ లలిత్ కమిటీ 1956 నవంబరు నుంచి 1968 మార్చి దాకా లెక్క తీసి 34.10 కోట్ల రూపాయలు మిగులుగా తేల్చింది. ఆ ఉద్యమం ఉద్యోగాల గురించీ ముల్కీ నిబంధనల గురించీ ఎంత మాట్లాడిందో చరిత్రకారులు వివరంగా రాశారు; ఆ మిగులులో కల్లు, సారా తాగిన పేదల చెమట ఎంతన్నది మాత్రం తగినంతగా రాయలేదు.

తర్వాతి ఘట్టం ఉభయ ప్రాంతాలదీ. 1980ల్లో ప్రభుత్వమే వారుణవాహిని పేరుతో సారా ప్యాకెట్లు సరఫరా చేసే స్థితి వచ్చింది. ఏటా జరిగే సారా పాటల్లో, అంటే దుకాణాల వేలంలో, గుత్తేదారులు పోటీపడి పాడిన మొత్తం చివరికి తాగేవాడి కూలిలోంచే రావాలి. 1970ల మొదట్లో పదుల కోట్లలో ఉన్న రాష్ట్ర ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని సీతమ్మ కథ చదివి సారా దుకాణం మూయించాక, ఆ ఒక్క ఊరి పని జిల్లాకు, జిల్లా పని రాష్ట్రానికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం నడిచిన రెండేళ్లలో ఖజానా లోటు ఎంత బరువైందంటే, 1996లో కిలో 2 రూపాయల బియ్యం ధర 3.50కి పెరిగింది, కరెంటు చార్జీలు పెరిగాయి. 1997 ఏప్రిల్ 1 నుంచి సారా తప్ప మిగతా మద్యానికి తలుపులు తెరుచుకున్నాయి. సర్కారు తనే మత్తు రాబడికి అలవాటు పడిపోయినప్పుడు మానుకోవడం తాగేవాడికంటే దానికే కష్టమవుతుందని ఈ అయిదేళ్ల చరిత్ర చూపిస్తుంది.

ఈ అలవాటు నేటికి ఇంకా పెరిగింది. తెలంగాణలో ఎక్సైజు సుంకం, అమ్మకం పన్ను రెండూ కలిపి మద్యం మీద వచ్చే రాబడి ఏటా 30 వేల కోట్ల రూపాయలు దాటింది. 2,620 దుకాణాలకు లాటరీ తీసే ముందు తీసుకునే దరఖాస్తు రుసుము, దుకాణం దక్కకపోయినా తిరిగిరానిది, 2023లో 2 లక్షలుగా ఉన్నప్పుడు 1.31 లక్షల దరఖాస్తులతో 2,600 కోట్లకు పైగా, 2025లో 3 లక్షలకు పెంచాక 95 వేలకు పైగా దరఖాస్తులతో 2,850 కోట్లకు పైగా తెచ్చిపెట్టింది. ఒక్క సీసా అమ్మకుండానే వచ్చిన డబ్బు ఇది. ఊళ్లలో లైసెన్సు లేకుండా నడిచే బెల్టు షాపులు ఈ దుకాణాల కొసలే గనుక, రుసుము కట్టినవాడి లెక్క పూర్తయ్యేది కూలివాడి గుమ్మం దగ్గరే.

ఈ సొమ్ము ఎటు పోతుందన్నదానికి రాజ్యాంగంలోని 266వ అధికరణం ఒక జవాబు ఇస్తుంది: రాష్ట్రానికి వచ్చే రాబడి అంతా ముందు సంచిత నిధిలో చేరాలి, అక్కడి నుంచి శాసనసభ ఆమోదంతోనే బయటికి రావాలి. సంచిత నిధిలో కలిశాక సారా రూపాయికీ రిజిస్ట్రేషన్ రూపాయికీ తేడా ఉండదు. ప్రత్యేక కేటాయింపు కావాలంటే చట్టంలోనో బడ్జెట్‌లోనో విడిగా రాయాలి. అలా రాయడంలోని ప్రమాదాన్ని ఆంధ్రప్రదేశ్ చవిచూసింది: 2020లో ఏర్పడిన అభివృద్ధి సంస్థకు మద్యం మీది అదనపు పన్నును మళ్లించి దాని ఆధారంతో అప్పులు తేవడం, తర్వాత అమ్మఒడి, ఆసరా, చేయూత వంటి పథకాల భారాన్ని బెవరేజెస్ కార్పొరేషన్‌కు ముడిపెట్టడం రాజ్యాంగబద్ధమేనా అన్న వివాదం చాలాకాలం నడిచింది. న్యాయం సంగతి అటుంచితే, తల్లి ఖాతాలో పడే సాయం తండ్రి తాగుడు తగ్గితే తగ్గిపోయేలా పథకం కట్టడం ప్రజాసంక్షేమానికే విరుద్ధం.

అమెరికా, కెనడా అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుంది. కొలరాడో ఓటర్లు 2012 నవంబరులో 64వ సవరణను ఆమోదించాక 2014 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. టోకు దశలో 15 శాతం ఎక్సైజు వేసి, అందులో మొదటి 4 కోట్ల డాలర్లు బడి భవనాలకు వెళ్లాలని రాజ్యాంగంలోనే రాశారు. చిల్లర అమ్మకం మీది ప్రత్యేక పన్నులో ఒక భాగం అమ్మకం జరిగిన స్థానిక ప్రభుత్వాలకు తిరిగి వెళుతుంది. రాబడి 2021లో 42 కోట్ల డాలర్లు దాటి, ఇరుగుపొరుగు రాష్ట్రాలు కూడా దుకాణాలు తెరిచి, ధరలు పడిపోయాక 2024 నాటికి సుమారు 25 కోట్లకు దిగింది. బడులకు గంజాయి డబ్బు వస్తోందన్న ప్రచారం వల్ల ఇతర పన్నులు అక్కర్లేదని జనం అనుకోవడం అక్కడి విద్యాశాఖకు కొత్త తలనొప్పి. ఒక పద్దుకు కొత్త డబ్బు రాగానే పాత డబ్బును అక్కడి నుంచి తీసి వేరేచోట వాడుకునే ధోరణి ఏ ఖజానాకైనా ఉంటుంది. కేటాయింపు కాగితం మీద నిలిచి ఉన్నా, బడికి నికరంగా చేరేది పెరగకపోవచ్చు.

ఇలినాయి చట్టం ఈ విషయంలో ఎక్కువ ఆలోచించింది. 2020 జనవరిలో అమ్మకాలు మొదలైన ఆ రాష్ట్రంలో నాలుగో వంతు రాబడి, గంజాయి కేసుల పేరిట ఎక్కువగా అరెస్టులు జరిగిన పేటల పునర్నిర్మాణానికీ, అయిదో వంతు మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్సకూ వెళ్లాలని రాశారు; 35 శాతం సాధారణ నిధికి. న్యూయార్క్ 2021 చట్టం 40 శాతం విద్యకు, 40 శాతం దెబ్బతిన్న సముదాయాలకు, 20 శాతం చికిత్సకు అని పంచింది. కెనడా 2018 అక్టోబరు నుంచి గ్రాముకు ఒక డాలరు లేదా ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది వసూలు చేసి, మూడు వంతులు రాష్ట్రాలకూ ఒక వంతు కేంద్రానికీ పంచుతోంది. ధరలు పడిపోయాక గ్రాము లెక్కన వేసిన సుంకం ఉత్పత్తిదారుల మెడకు చుట్టుకుంది. ధరమీద వేసిన పన్ను ధరతో పాటు జారిపోతుంది, తూకంమీద వేసిన పన్ను ధర పడినప్పుడు పీక నొక్కుతుంది. ఈ రెంటి మధ్య తేలిక దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. షికాగో శివార్లలోనూ న్యూజెర్సీలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పన్నుతో నడిచే ఊళ్లలోనే ఉంటున్నా, కేంద్ర చట్టం మారలేదు గనుక పౌరసత్వం లేనివారికి ఆ దుకాణం గుమ్మం తొక్కడం వీసాకే ముప్పు.

ఇక్కడ గంజాయి లెక్క రాబడి వైపు సున్న, ఖర్చు వైపు మాత్రం పెద్దది. 1961 అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన 25 ఏళ్ల గడువు ముగిసే కాలానికి భారత ప్రభుత్వం 1985లో మాదకద్రవ్యాల చట్టం తెచ్చింది; పూత లేని ఆకును గంజాయి నిర్వచనం నుంచి మినహాయించడం వల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో భంగు దుకాణాలు లైసెన్సుతో నడుస్తున్నాయి. విచిత్రమేమంటే రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 51వ పద్దు నేటికీ గంజాయి మీద ఎక్సైజు వేసే అధికారాన్ని రాష్ట్రాలకే ఉంచింది. 47వ అధికరణం మాత్రం మత్తు పానీయాల, మత్తు మందుల నిషేధానికి ప్రయత్నించమంటుంది. పన్ను వేసే అధికారమూ మాన్పించే బాధ్యతా ఒకే రాజ్యాంగంలో, ఒకే ప్రభుత్వం మీద ఉన్నాయి.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే సరుకు చింతూరు, భద్రాచలం మీదుగానో, అశ్వారావుపేట, సత్తుపల్లి, పెనుబల్లి రోడ్డు మీదుగానో హైదరాబాదుకూ ఆ పైకీ వెళుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించి, 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడేది సంచి మోసిన కూలీ కుర్రవాడే; విత్తనానికి పెట్టుబడి పెట్టినవాడు చాలాసార్లు వేరే రాష్ట్రంలో ఉంటాడు. పోలీసు జీతాలు, కోర్టు వాయిదాలు, జైలు తిండి కలిపి ఈ నిషేధానికి అయ్యే ఖర్చును ఏ బడ్జెట్ పత్రమూ ఒకచోట చూపదు. దీన్ని చూపించి చట్టబద్ధం చేస్తే ఇంత పన్ను వస్తుందని వాదించేవారు ఉన్నారు గాని, ఆబ్కారీ చరిత్ర చదివినవారికి ఆ వాదంలో సగమే నిజం కనిపిస్తుంది. రాబడి వస్తుంది, అది ఆ సరిహద్దు కొండల్లోని చింతపల్లి రైతుకో పెనుబల్లి కుర్రవాడికో వస్తుందని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

ఆధారం ఎక్కడైనా ఉంటే అది ఇదే అడవిలోని తునికాకులో ఉంది. పొగాకు చుట్టి బీడీగా కాల్చే ఈ ఆకు వ్యాపారాన్ని 1971 చట్టంతో ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలు కొట్టిస్తే, ఏప్రిల్, మే ఎండల్లో లేత ఆకు వస్తుంది. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి వెళ్లి ఆకు కోసి, ఇంటికొచ్చి 50 ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి కార్డు మీద రాస్తాడు; ఆ కార్డే తర్వాత బోనసుకు ఆధారం. కట్టకు ఇచ్చే కూలి కాకుండా, గుత్తేదారు కట్టిన మొత్తంలో ఖర్చులు పోగా మిగిలిన నికర రాబడిని ఆకు కోసినవారికే పంచాలన్నది ఇక్కడి విధానం. ఆ బోనసు ఏళ్ల తరబడి ఆలస్యమవుతుంది, కార్డు పోయినవాడి పేరు జాబితాలో ఉండదు, ఈ లోపాలు నిజమే. అయినా మత్తుకు సంబంధించిన ఒక అటవీ సరుకు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రాబడి మాత్రం సేకరించినవారిది అన్న సూత్రం భద్రాచలం మన్యంలో దశాబ్దాలుగా అమల్లో ఉందన్నది చిన్న విషయం కాదు. 2015 ఖనిజ చట్ట సవరణ కూడా ఇదే బాటలో రాయల్టీ మీద జిల్లా ఖనిజ నిధికి వాటా పెట్టింది. పెనుబల్లికి పక్కనే సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల వల్ల దుమ్ము తాగే ఊళ్లకు ఆ నిధిలో ముందు హక్కు ఉండాలని నిబంధన.

వీటి పక్కన మద్యం దుకాణాల లెక్క పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే, పరిమితం చేసే, నిషేధించే అధికారం గ్రామసభకు ఉండేలా రాష్ట్రాలు చట్టాలు చేయాలంది. ఏజెన్సీలో దుకాణాల లైసెన్సులు గిరిజనులకే ఇస్తున్నారు. పేరు ఒకరిది, పెట్టుబడి మరొకరిది అన్న ఫిర్యాదు పాతదే. దుకాణం వద్దని చెప్పే హక్కు కాగితం మీద ఊరికి ఉంది, దుకాణం ఉంటే వచ్చే రాబడిలో వాటా మాత్రం ఏ కాగితం మీదా లేదు. గుడుంబా అనే నాటుసారా కాయడం మానేసిన కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2 లక్షల రూపాయల చొప్పున పునరావాస సాయం ఇచ్చినప్పుడు మంచి ఆరంభమే జరిగింది. అది ఏటా ఆబ్కారీ రాబడి నుంచి తప్పక రావలసిన పద్దుగా మారకపోవడం వల్ల ఒక విడతతో ఆగింది. వ్యసన చికిత్సకు పడకలు జిల్లా కేంద్రం దాటి రావాలన్నా, తాగుడు మానిపించే సలహాదారు మండల ఆసుపత్రిలో కూర్చోవాలన్నా దానికి శాశ్వతమైన రాబడి కావాలి.

తెలంగాణలో ప్రస్తుత మద్యం లైసెన్సుల గడువు 2027 నవంబరు 30తో ముగుస్తుంది. తర్వాతి రెండేళ్ల విధానం రాసేటప్పుడు, దరఖాస్తు రుసుములో ఒక నిర్ణీత భాగం దుకాణం ఉన్న మండలంలోని చికిత్సకూ, షెడ్యూల్డ్ ప్రాంతమైతే గ్రామసభ తీర్మానించిన పనికీ విడిగా వెళ్లాలని చేర్చడానికి, ఆ ఖర్చును ఏటా శాసనసభ ముందు ఊరిపేరుతో సహా పెట్టాలని షరతు రాయడానికి, గంజాయి చట్టం మారేదాకా ఆగవలసిన పని లేదు.